మడమ సంగతి తెలిసినవాళ్ళు

పోయిన వారం మీరు నన్ను టొలీడో మైదానం నడిబొడ్డున, బోర్లా పడి, నోట్లో గడ్డితో వదిలేశారు. అక్కణ్ణించి లేచి ఇంటికి వెళ్ళానని మీరే అనుకుని ఉంటారు. వెళ్ళాను. నా కూతురు తలుపు తీసి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా టీవీ కట్టేసింది. పదేళ్ళ పిల్లకి అంత తెలివి రావడం ఏ తండ్రికీ మంచిది కాదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెబుతాను. మాది అమెరికన్ ఫుట్‌బాల్. ఎరీ జట్టుకి ఇరవై, మాకు పందొమ్మిది. ఆటలో ఇంకా నాలుగు సెకన్లు ఉన్నాయి. నలభై ఒక్క గజాల దూరం నుంచి బంతిని రెండు స్తంభాల మధ్యకి తంతే మూడు పాయింట్లు, గెలుస్తాం. నేను వంగి, కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసిరాను, స్నాపరు పని అదే. ఎనిమిది గజాల వెనక మోకాలి మీద కూర్చున్న బ్రెనన్ దాన్ని పట్టి నేల మీద నిలబెట్టాడు. ఎమీలియో తన్నాడు. ఎరీ జట్టులో తొంభై నాలుగో నంబరువాడు నా భుజం పక్కనుంచి దూసుకొచ్చి, చెయ్యి పైకెత్తి ఆ బంతిని ఠప్పున కొట్టేశాడు. అంతే. అరవై వేలమంది ఒకేసారి కూర్చుంటే వచ్చే చప్పుడు మీరెప్పుడూ విని ఉండరు. వినకుండానే బతకండి.

ఇదంతా జరగడానికి పట్టే సమయం ఒకటింపావు సెకను. మా ముగ్గురి ఉద్యోగం అదే. ఆటలో నూట యాభై చిల్లర సార్లు బంతి కదిలితే అందులో పాతిక ముప్ఫై సార్లు మాది, అంటే స్పెషల్ టీముది. మేం మైదానంలోకి వస్తే జనం బీరు కోసం లేస్తారు. టీవీవాళ్ళు ప్రకటనలు వేసుకుంటారు. మేం పని సరిగ్గా చేస్తే ఎవరికీ గుర్తుండం. పదకొండేళ్ళలో నా పేరు, రోలండ్ హెల్విగ్, టీవీలో ఎవరూ పలకలేదు. పలక్కపోవడమే నా గొప్ప. ఆదివారం సాయంత్రం నాలుగ్గంటల తర్వాత మాత్రం ఓ గంటలో పద్నాలుగు సార్లు పలికారు. నా భార్య నోరీన్ లెక్కపెట్టి, నాకు చెప్పకుండా అక్కకి ఫోన్లో చెప్పింది. స్నాపర్ బంతిని ఆలస్యంగా వేశాడు, వయసు మీద పడింది, ముప్ఫై అయిదేళ్ళవాణ్ణి ఇంకా ఎందుకు ఉంచారు. ఈ మూడు ముక్కలే తిప్పి తిప్పి.

నేను ఆలస్యంగా వెయ్యలేదు. అది చెప్పుకోవడానికి నాకు మంగళవారం మధ్యాహ్నం దాకా గడువుంది. మంగళవారం మా లీగులో పరీక్షల రోజు. ఆటలో జట్టుకి దెబ్బ తగిలిన స్థానానికి కొత్తవాళ్ళని పిలిపించి, పాతవాడు చూస్తుండగానే మైదానంలో దించుతారు. నలుగురు స్నాపర్లు వస్తున్నారని సోమవారం పొద్దున్నే సామాన్ల గదివాడు నా చెవిలో వేశాడు. నలుగురికీ చొక్కాల సైజు అడిగారట.

సోమవారం పదకొండింటికి ఫిల్ము చూశాం. మా స్పెషల్ టీము కోచ్ లోవెల్ స్ట్రిక్లండ్ గారికి అరవై ఒకటో ఏడు. నన్ను కాలేజీ అయిపోగానే ఏరుకున్న మనిషి. నాకు పెళ్ళిలో టై కట్టిన మనిషి. గదిలో దీపాలార్పి, చివరి తన్నుని ఆరుసార్లు తిప్పి చూపించారు. ఆయన తిట్టరు, అదే ఆయనలో భయపెట్టేది. ఎమీలియో నేలచూపులు చూస్తున్నాడు. బ్రెనన్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నేను తెర మీద తొంభై నాలుగో నంబరువాణ్ణి చూస్తున్నాను.

అందరూ బంతి వైపు చూస్తారు. బంతి కదిలాకే కదలాలి కదా, లేకపోతే అయిదు గజాలు జరిమానా. వాడు మాత్రం బంతి వైపు చూడటం లేదు. వాడి చూపు నా కాళ్ళ దగ్గరుంది. నా ఎడమ మడమ మీదుంది.

ఇక్కడ నా గుట్టొకటి మీకు విప్పాలి. బంతి విసరబోయే ముందు నా ఎడమ మడమ కాస్త నేలకి వాలుతుంది. అర అంగుళం ఉంటుందేమో. అది వాలాక కనురెప్ప కొట్టేలోగా బంతి నా చేతిలో ఉండదు. నాకు తెలియకుండానే కాలేజీ రోజుల్నుంచీ అలవాటైంది. దాన్ని కనిపెట్టినవాడు ఆన్సెల్ ప్రూయిట్. తొమ్మిదేళ్ళు నా వెనక మోకాలి మీద కూర్చుని నా బంతులు పట్టిన హోల్డరు, బంతిని చేతిలోంచి వదిలి దూరంగా తన్నే మా జట్టు పంటరు, నా కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, మా వీధిలోనే పది ఇళ్ళ అవతల ఉంటాడు. మానేస్తానంటే వద్దన్నాడు. "ఉండనీ రా, అది చూసే కదా నేను చేతులు సిద్ధం చేసుకునేది" అన్నాడు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. నోరీన్‌కి కూడా చెప్పలేదు.

ఆగస్టులో ఆన్సెల్‌ని తీసేసి, ఇంకా దూరం తన్నగలిగే బ్రెనన్‌ని పెట్టారు. అది మీకు తెలుసు. పోయిన మంగళవారం ఎరీవాళ్ళు ఆన్సెల్‌ని చేర్చుకున్నారు. అదీ చదివారు. ఎదుటి జట్టు వదిలేసినవాణ్ణి ఆట ముందు వారం రోజులకి తెచ్చుకుని, వాడి నోట్లో ఉన్నదంతా రాబట్టుకుని, ఆట అవగానే సాగనంపడం మా లీగులో మామూలే. ఎవరూ తప్పు పట్టరు. వెళ్ళినవాడు ఎంత చెప్పాలన్నది వాడి సిగ్గుకి సంబంధించిన విషయం. ఆన్సెల్ వెళ్ళాడని విన్నప్పుడు నేను నవ్వాను. నా వాడు ఏమీ చెప్పడు, అనుకున్నాను.

అందరూ వెళ్ళాక కోచ్ గారి దగ్గర ఆగిపోయాను.

"కోచ్, నా మడమ చూశారా?"

"మడమా? ఏ మడమ?" అన్నారాయన.

తివాచీ మీద వంగి, బంతి లేకుండానే చేసి చూపించాను. ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి చూశారు. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాను.

"ఇది ఎవరికి తెలుసు, అబ్బాయ్?"

"ఆన్సెల్‌కి."

"ఇంకెవరికీ తెలీదా?"

"తెలీదు."

ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. "వారం రోజులు అక్కడ కూర్చున్నాడు కదా పాపం" అన్నారు. "బయట ఎవరితోనూ అనకు. రేపటి సంగతి నేను చూసుకుంటాను."

ఎవరితోనూ అనలేదు. కారెక్కి తిన్నగా ఆన్సెల్ ఇంటికి వెళ్ళాను.

ఎరీవాళ్ళు ఆ పొద్దున్నే అతన్ని వదిలేశారని నాకు దార్లో రేడియో చెప్పింది. మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళ వాకిట్లో బండి బురదతో ఉంది. తలుపు తీసింది అతని భార్య డెల్లా. ఎప్పుడూ గుమ్మంలోనే కావలించుకునే మనిషి, తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"గరాజ్‌లో ఉన్నాడు. ఇంట్లోంచి వద్దు, అటు తిరిగి వెళ్ళు" అంది.

"ఏం డెల్లా, ఇంట్లోకి రాకూడదా?"

"ఆగస్టులో రావాల్సింది రోలీ. అప్పుడు దారి తెలియలేదా?"

తిరిగి వెళ్ళాను.

గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల ఆన్సెల్ బావమరిది శనివారం బాణంతో కొట్టిన జింక కొక్కేనికి వేలాడుతోంది. ఆన్సెల్ రబ్బరు తొడుగులు వేసుకుని దాన్ని కోస్తున్నాడు. బల్ల మీద మాంసం రుబ్బే మర, మిరియాల డబ్బా, సాసేజీలకి పేగులు నానబెట్టిన గిన్నె. ఏటా నవంబరులో ఈ పని మేమిద్దరం కలిసే చేసేవాళ్ళం. నన్ను చూసి అతను కత్తి ఆపలేదు.

"వచ్చావా. ఆ కాలు పట్టుకో, జారిపోతోంది."

నేను తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ వెళ్ళి పట్టుకున్నాను. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి, జింక కాలు పట్టుకుని నిలబడ్డాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"మడమ సంగతి చెప్పేశావు" అన్నాను.

అతను కీలు దగ్గర కత్తి దించాడు.

"నాకు ఫిల్ములో కనబడింది ఆన్సెల్. ఆ తొంభై నాలుగు గాడు నా కాలు చూసి దూకాడు. మొదటి రెండు తన్నులప్పుడు ఊరికే చూసి లెక్క సరిచూసుకున్నాడు. మూడోసారి దూకాడు. చూడమని ఎవరో చెప్పకపోతే వాడికి నా మడమతో ఏం పని?"

"ఏం పని ఉండదు."

"అంటే నువ్వే."

"కాలు ఇంకాస్త ఇటు తిప్పు."

నేను కాలు వదిలేశాను. జింక కొక్కెం మీద ఊగింది. ఆన్సెల్ కత్తి బల్ల మీద పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు. వారం రోజుల గడ్డం. కళ్ళ కింద నలుపు. ఎరీ నుంచి సరస్సు పక్క రోడ్డున మూడున్నర గంటలు నడుపుకుంటూ వచ్చిన మనిషి, నిద్రపోకుండా మాంసం కోస్తున్నాడు.

"నన్ను అడిగారు" అన్నాడు. "అవును అన్నట్టు తలూపాను. అంతే చేశాను. అంతే అంటే చిన్నదని కాదు. చేశాను."

మీలో ఎవరినైనా దగ్గరివాడు మోసం చేస్తే, అంతకుముందే లోపల తెలిసిపోయి ఉంటుందని అంటారు. అబద్ధం. నాకు లోపల ఏమీ తెలియలేదు. అతను లేదంటాడనే ఆశతో అంతదూరం వచ్చాను. అతని నోట ఆ మాట వినేసరికి గరాజ్ గోడకి ఆనుకోవాల్సి వచ్చింది. నా కూతురి తలమీద నీళ్ళు పోసినప్పుడు ఎత్తుకున్న చేతులు అవి.

"ఎందుకు రా?"

"వాళ్ళ పంటరుకి మోకాలు పోయింది. నేను పనికొస్తే సీజను చివరిదాకా ఉంచుకుంటామన్నారు. నాకు ముప్ఫై ఆరు. మూణ్ణెల్లుగా ఫోను మోగలేదు. రోజూ పొద్దున్న హైస్కూలు గ్రౌండులో ఒక్కణ్ణే బంతి తన్నుకుని, ఒక్కణ్ణే వెళ్ళి ఏరుకొచ్చుకుంటున్నా. నువ్వెప్పుడైనా వచ్చావా, ఏరడానికి?"

"నాకు ప్రాక్టీసు ఉంటుంది కదా."

"ఉంటుంది. నీకుంటుంది."

"ఉంచుకుంటామన్నారని నమ్మావా?"

"నమ్మాలనిపించింది. పొద్దున ఏడింటికి సంచీ చేతిలో పెట్టారు." అతను నవ్వబోయాడు, రాలేదు. "నీ ఉద్యోగం పోతుందని తెలిసే తలూపాను రోలీ. తెలీదనను. అయితే నాదొక ప్రశ్న ఉంది. మూణ్ణెల్లుగా దాచుకున్నా. ఆగస్టులో నన్ను తీసేసే ముందు రోజు, స్ట్రిక్లండ్ నిన్ను కారిడార్లో ఆపి ఏమడిగాడు?"

ఇన్ని వారాలుగా ఈ కథ మీకు చెబుతున్నాను. ఆన్సెల్‌ని తీసేసినరోజు నేను ఎంత బాధపడిందీ చెప్పాను, అతని లాకరు ముందు కూర్చున్నదీ చెప్పాను. ఆ ముందు రోజు సంగతి మీకు చెప్పలేదు. అడగలేదు కదా అని ఊరుకున్నాను.

"ఏమీ అడగలేదు" అన్నాను.

"సరే." అతను మళ్ళీ కత్తి తీసుకున్నాడు. "అయితే ఇంటికెళ్ళు."

"ఆన్సెల్."

"ఇంటికెళ్ళు రోలీ. నేను చేసింది నీకు ఒప్పుకున్నాను. ఇంక నీకేం కావాలి? వెళ్ళి నోరీన్‌తో చెప్పు, ఆన్సెల్ గాడు కుక్క అని. పేపరువాళ్ళకి చెప్పు. నాకేం పోయేది లేదు. కానీ నీకో వస్తువు ఇద్దామని తెచ్చాను, అబద్ధాలాడేవాడికి ఇవ్వబుద్ధి కావట్లేదు."

అతను మాంసాన్ని ముక్కలు చేసి మరలో వేసి తిప్పుతున్నాడు. మర కీచుమంటోంది. ఇంట్లోంచి డెల్లా రేడియో పెట్టింది, వెంటనే కట్టేసింది. నేను వెళ్ళిపోవచ్చు. బాధితుణ్ణి నేనే అని చెప్పుకుంటూ హాయిగా వెళ్ళిపోవచ్చు. ఊరంతా నా వైపే ఉంటుంది. కానీ అతని వీపు చూస్తూ ఆ తలుపు దాటడం నావల్ల కాలేదు.

"కొత్త కుర్రాడు బంతి పట్టి నిలబెట్టగలడా అని అడిగారు" అన్నాను.

మర ఆగింది.

"పట్టగలడు అన్నాను."

"అంతేనా?"

"ఎవరు పడితే ఏముంది కోచ్, వేసేది నేను కదా, అన్నాను. నవ్వుతూ అన్నాను ఆన్సెల్. గొప్పకి అన్నాను. నిన్ను తీసేస్తారని నాకు తెలీదు."

"తెలీదా?"

"అనుమానం వచ్చింది" అన్నాను. "వచ్చినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నా చోటు నాకుంది కదా అనుకున్నాను."

అతను తొడుగులు ఒక్కొక్కటే లాగి డబ్బాలో పడేశాడు. "ఆ మాట నాకు స్ట్రిక్లండ్ మర్నాడే చెప్పాడు. నన్ను పంపించేస్తూ, నీ నోట్లో మాట నా చేతిలో పెట్టి మరీ పంపించాడు. నీ స్నాపరే అన్నాడయ్యా, ఎవరు పట్టినా ఒకటేనట, అని. ఆయన నాకు అది ఎందుకు చెప్పాడా అని అప్పుడు ఆలోచించలేదు. నీ మీద కోపంతో సరిపోయింది."

"ఆయనెందుకు చెబుతాడు? ఆయన అట్లాంటి మనిషి కాదు."

"అవునా. ఇలా రా."

పనిముట్ల అర పైనుంచి మడత పెట్టిన కాగితం తీసి, బల్లమీద శుభ్రంగా ఉన్న చోట పరిచాడు.

"బుధవారం నన్ను వాళ్ళ మీటింగు గదిలో కూర్చోబెట్టారు. నేను నోరు తెరవకముందే ఇది గోడమీద ఉంది. నేను చెప్పింది కాదు, వాళ్ళకి ముందే తెలుసు. ఇది నిజమేనా అని అడగడానికే నన్ను తెచ్చుకున్నారు. నిజమే అని తలూపాను. అందరూ కాఫీకి వెళ్ళినప్పుడు చింపుకుని జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు నాకే తెలీదు."

అది మా ప్రాక్టీసు ఫిల్ములోంచి తీసిన బొమ్మ. గోలు స్తంభాల వెనక ఎత్తు మెట్ల మీద మేం పెట్టే కెమెరా, వెనకనుంచి నేను వంగి ఉన్నాను, ఎడమ మడమ చుట్టూ గీత గీసి ఉంది. ఆ ఫిల్ము మా భవనం దాటి బయటికి పోదు. మూల తారీఖు ఉంది, ఆన్సెల్ ఎరీలో అడుగు పెట్టడానికి ఆరు రోజుల ముందుది. ఆ ప్రాక్టీసుకి ఆన్సెల్ రావడం అసాధ్యం, అతనికి మా గేటు దాటనిచ్చే కార్డే లేదు.

పక్కన ఖాళీ జాగాలో పెన్సిలుతో ఎత్తు వేసి ఉంది. ఎవరు ఎక్కణ్ణించి దూకాలి, ఎవరు నా పక్కన నిలబడే గార్డుని పక్కకి లాగాలి. మనుషుల్ని అందరు కోచ్‌లూ సున్నాలుగానో డబ్బాలుగానో గీస్తారు. ఈ బొమ్మలో స్నాపరు చిన్న ఇల్లులా ఉన్నాడు, డబ్బా మీద కప్పుతో. మా జట్టులో ప్రతి బుధవారం మా చేతికొచ్చే కాగితాల మీద నేను అలాగే ఉంటాను. నా మొదటి ఏడాది నేను అడిగితే స్ట్రిక్లండ్ గారే చెప్పారు, "అన్నీ నీ దగ్గర మొదలవుతాయి కదా అబ్బాయ్, అందుకని ఇల్లు" అని. ఆ కాగితం నేను ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాను.

ఆన్సెల్ నా మొహం చూశాడు. పీపా మీద కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

పొద్దున్న ఆయన ముందు తివాచీ మీద వంగాను. ఏ మడమ అన్నారు. మళ్ళీ చెయ్యమన్నారు. ఆ మనిషి నా మీద పెన్సిలు పెట్టి ఇంత శ్రద్ధగా గీసి, పన్నెండు రోజుల తర్వాత, రెండోసారి వంగించి చూశారు. ఆన్సెల్ చేసిన పనికి గోడ పట్టుకున్నాను. దీనికి ఏం పట్టుకోవాలో తెలియలేదు.

"ఎందుకు?" అన్నాను.

"ఎరీ హెడ్ కోచ్ వసంతంలో దిగిపోతున్నాడు. ఆ కుర్చీ ఎవరికో అక్కడ కాపలావాడికి కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా స్ట్రిక్లండ్‌ని ఎవరైనా హెడ్ కోచ్‌గా పిలిచారా? స్పెషల్ టీమువాడికి జట్టంతా ఎవరిస్తారు? ఎరీవాళ్ళిస్తామన్నారు. మనల్ని చూసి జనం బీరుకి లేస్తే మనకి అలవాటైపోయింది. ఆయనకి అవలేదు."

"గెలిచే ఆట ఓడించాడు."

"ఒక్క తన్నుతో. ఇంకెవడైనా ఆట ఓడించాలంటే ఎంతమందిని కొనాలి? మన దగ్గరైతే ఒక్క మడమ చాలు. పదకొండేళ్ళు నీ ఫిల్ము చూసినవాడు, ఇంత తేలికని ఆయనకే తెలుసు. తప్పు ముసలి స్నాపరు మీదికి పోతుంది, స్నాపరు అనుమానం నా మీదికి వస్తుంది. వచ్చావుగా."

వచ్చాను.

"రేపు మధ్యాహ్నం నన్ను ఉంచాలా వద్దా చెప్పేది ఆయనే" అన్నాను.

"తెలుసు."

"నాతో రా ఆన్సెల్. మేనేజరు దగ్గరికి. ఇది చూపించి, జరిగింది చెప్పు."

"ఏం చెప్పను? ఎదుటివాళ్ళ మీటింగు గదిలోంచి కాగితం దొంగిలించానని చెప్పనా? తలూపానని చెప్పనా? ఇంకో పంటరుకి ఎక్కడో మోకాలు పోకపోతుందా అని ఎదురుచూస్తున్నా రోలీ. ఇది బయటపడితే ఏ జట్టూ నన్ను గేటు లోపలికి రానివ్వదు. హైస్కూలు పిల్లలకి నేర్పడానిక్కూడా పిలవరు. నేను రాను."

"అయితే కాగితం ఇవ్వు. నేనొక్కణ్ణే వెళతాను."

"తీసుకో. నీకోసమే తెచ్చాను."

కాగితం మడిచి నా వైపు చాపాడు. ఇది చేతిలో ఉంటే మంగళవారం నలుగురు కాదు, నలభైమంది వచ్చినా నన్ను కదపలేరు. నేను పట్టుకున్నాను. రెండో చివర అతను ఇంకా వదల్లేదు.

"ఇది నీ చేతికి ఎలా వచ్చిందని అడుగుతారు" అన్నాడు ఆన్సెల్. "మొదటి ప్రశ్న అదే అడుగుతారు. ఆగస్టులో నీకు తెలియక అన్నావు, పోనీ. రేపు అన్నీ తెలిసి అంటావు. ఎవరి పేరు చెబుతావు రా?"